బ్రహ్మానందం కామెడీ అంటే మొహం విరుపులేనా?

మీరడిగినవి మూడు. బ్రహ్మానందం గారి కామెడీ అంతా మొహంలోనే ఉంది కదా, అంతమాత్రానికి అంత గొప్ప నటుడని ఎందుకంటారు అన్నది మొదటిది. అంతగా వెలిగినాయన 2014 తర్వాత ఎందుకు తగ్గిపోయారన్నది రెండోది. షార్ట్ ఫిల్ముల్లో కామెడీ వేషాలు వేస్తున్న మీలాంటివాళ్ళు ఆయన్ని చూసి ఏం నేర్చుకోవచ్చన్నది మూడోది. నేను సినిమా మనిషిని కాను. పరిషత్తు నాటకాల్లో, అంటే నాటక పోటీల్లో, చాలాకాలం వేషాలు వేసి, ఇప్పుడు కుర్రాళ్ళకి నటన నేర్పుతున్నవాణ్ణి. సెట్లో ఏం జరిగింది, ఎవరు ఎంత తీసుకున్నారు లాంటివి నాకు తెలియవు. తెరమీద కనిపించే పనితనం గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పగలను.

ముందు మొహం సంగతి తేల్చేద్దాం. ఈ ముద్ర ఆయన సినిమాల వల్ల పడింది తక్కువ, మీమ్స్ వల్ల పడింది ఎక్కువ. వాట్సాప్‌లో మీకొచ్చే స్టిక్కర్‌కి ముందూ వెనకా ఉండవు, గొంతు ఉండదు, ఎదుటి మనిషి ఉండడు. ఒక ప్రయాణంలో ఆఖరి అడుగు మాత్రమే కత్తిరించి పంపిస్తున్నారు. పదేళ్ళుగా అవే చూస్తున్న కుర్రాళ్ళు ఆయన దగ్గర ఉన్నది ఆ ఆఖరి అడుగే అనుకుంటున్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది బ్రహ్మానందాన్ని చేసి చూపిస్తాం అంటూ నేరుగా కళ్ళు పెద్దవి చేసి, మూతి వంకర తిప్పి చూపిస్తారు. ఎవరికీ నవ్వు రాదు. ఎందుకు రాదో వాళ్ళకి అర్థం కాదు.

అసలు ఆయన మొహం చాలా ఆలస్యంగా మారుతుంది. ఏదో ఒక సీను పెట్టుకుని మెల్లగా నడిపించి చూడండి. ఎదుటివాడి మాట చెవిలో పడుతుంది. ముందు కళ్ళు ఆగుతాయి. పెదాల మీద అంతకుముందున్న చిరునవ్వు ఇంకా అలాగే ఉంటుంది. అంటే కళ్ళకి విషయం తెలిసిపోయింది, నోటికింకా కబురందలేదు. పాలు పొంగేటప్పుడు గిన్నె అంచుదాకా వచ్చి ఒక్క క్షణం ఆగినట్టుంటుంది చూడండి, సరిగ్గా ఆ క్షణంలోనే హాల్లో నవ్వు మొదలవుతుంది. ఆ తర్వాత మెడ తిరుగుతుంది, ఇంకా తర్వాత ఎప్పుడో మొహం. మీరు స్టిక్కర్‌లో చూసే మొహం వచ్చేసరికి జనం అప్పటికే నవ్వుతూ ఉంటారు. మొహం ఆ నవ్వుని పొడిగిస్తుంది, అంతే. పుట్టించేది ముందున్న ఆ ఆగడం.

దీన్ని నేర్చుకోవడం ఎందుకు కష్టమంటే, ఆగాలంటే వినాలి. ఆయన సీనులో ఉన్నప్పుడు తన డైలాగ్ కోసం కాచుకుని ఉన్నట్టు ఎక్కడా కనిపించదు. ఎదుటివాడు చెప్పేది అప్పుడే మొదటిసారి వింటున్నట్టు ఉంటుంది. పరిషత్తు నాటకాల్లో మాకు పెద్దలు చెప్పే మొదటి పాఠం ఇదే, చాలామందికి చివరిదాకా పట్టుబడనిదీ ఇదే.

ఇక మొదటి ప్రశ్నలోనే ఇంకో విషయం, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. ఆయన వేసిన గొప్ప వేషాలన్నీ వరసగా పెట్టుకోండి. 'మనీ'లో ఖాన్ దాదా, 'మన్మథుడు'లో లవంగం, 'రెడీ'లో మెక్‌డొవెల్ మూర్తి, 'కింగ్'లో సంగీత దర్శకుడు జయసూర్య, 'దూకుడు'లో పద్మశ్రీ, 'రేసుగుర్రం'లో కిల్ బిల్ పాండే. వీళ్ళలో ఒక్కడికైనా తాను జోకర్నన్న అనుమానం ఉందా? ఖాన్ దాదా దృష్టిలో ఖాన్ దాదా నిజంగానే దాదా. అతని మొహాన్ని పట్టుకుని హీరో మొహమని పొగుడుతూ ఒక పాటే ఉంది ఆ సినిమాలో, దాన్ని అతను తన హక్కుగానే స్వీకరిస్తాడు. జయసూర్యకి తన ప్రతిభ మీద ఇసుమంత సందేహం లేదు. గదిలో అందరికంటే తెలివైనవాణ్ణి నేనేనని గట్టిగా నమ్మే మనిషిని బ్రహ్మానందం చాలా సీరియస్‌గా, ఒక విషాద పాత్రకి పెట్టేంత శ్రద్ధ పెట్టి ఆడతారు. ఆ నమ్మకానికి పగులు పడే క్షణం మన ముందు జరుగుతుంది. మనం నవ్వేది ఆ పగులుకి. పగులు బయటికి కనిపించకుండా కప్పెట్టాలని ఆయన పడే తాపత్రయానికి ఇంకా ఎక్కువ నవ్వుతాం.

మన పాతవాళ్ళ దారులు వేరు. రేలంగి గారిది మంచితనంలోంచి, పాటలోంచి వచ్చే హాస్యం. 'మిస్సమ్మ'లో దేవయ్యగా ఆయన మోసం చేస్తున్నా మనకి కోపం రాదు. హరికథ తెలిసిన ఇంట్లోంచి వచ్చిన గొంతు కనక మాటలో ఒక తూగు ఉంటుంది. రమణారెడ్డి గారికి ఆ సన్నటి ఒళ్ళే సగం డైలాగు. రాజబాబుది వేగం, ఒళ్ళంతా విరిచి ఆడే ఆట, తన మీద తనే జోకు వేసుకునే చనువు. అల్లు రామలింగయ్య గారిది జిత్తులమారితనం, ఆ నడక, ఆ గొణుగుడు. వీళ్ళలో ఎవరు గొప్పో లెక్క తేల్చమంటే నేను తేల్చను, ఆ పోటీలు నాకు పడవు. కానీ ఒకటి చెప్పొచ్చు. తెలివైనవాణ్ణనుకునే మధ్యతరగతి మొగాడి అహాన్ని ఇంత సమగ్రంగా, ఇన్ని రకాలుగా చదివిన హాస్యనటుడు ఆయనకి ముందు మనకి లేడు. ఆడిటరు, పూజారి, ప్రొఫెసరు, పోలీసు, విదేశంలో స్థిరపడ్డ పెద్దమనిషి ఇలా అందరూ ఆ చేతిలో పడ్డారు.

గొంతు గురించి చాలామంది మాట్లాడరు. నాకు మొహం కంటే అదే ఎక్కువ ఇష్టం. కన్నెగంటి బ్రహ్మానందం 1956 ఫిబ్రవరి 1న అప్పటి గుంటూరు జిల్లా సత్తెనపల్లి దగ్గర చాగంటివారిపాలెంలో, వడ్రంగం చేసుకునే కుటుంబంలో పుట్టారు. లేమిలో పెరిగి, తెలుగులో ఎం.ఏ. చేసి, పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా పనిచేశారు. మిమిక్రీ చేసేవారు. ఈ మూడింటి లాభం ఆయన గొంతులో కనిపిస్తుంది. పద్యం చదివిన నోరు కనక ఒత్తులు, మహాప్రాణాలు ఎంత వేగంలోనైనా చెక్కినట్టు పలుకుతాయి. క్లాసులో వెనక బెంచీ దాకా వినిపించేలా మాట్లాడిన అలవాటు కనక వాక్యం చివర ఊపిరి జారిపోదు. మన కొత్త నటుల్లో సగంమంది పంచ్ అంతా వాక్యం చివర్లో ఉందని తెలిసి కూడా ఆ చివరి మాటనే మింగేస్తారు. ఆయన మింగరు.

పైగా ఒకే వాక్యంలో గ్రాంథికంలో మొదలుపెట్టి పల్నాటి బండ మాటలోకి దిగిపోవడం ఆయనకి మంచినీళ్ళ ప్రాయం. పైకి ఎక్కేటప్పుడు పండితుడి దర్జా, కిందపడేటప్పుడు ఊళ్ళో కుర్రాడి కంగారు. 'అదుర్స్'లో భట్టు పాత్రని బొమ్మ చూడకుండా ఒక్కసారి వినండి. శిష్యుడు చారిగా జూనియర్ ఎన్టీఆర్ అడ్డదిడ్డంగా అడిగే ప్రశ్నలు, వాటికి గురువు హోదా కాపాడుకుంటూ భట్టు ఇచ్చే జవాబులు. ఎన్టీఆర్‌ది పరుగెత్తే గొంతు, ఈయనది దాన్ని ఆపబోయి జారిపడే గొంతు. బొమ్మ లేకపోయినా నవ్వొస్తుంది. మొహం మీదే ఆధారపడిన నటుడి విషయంలో ఇది సాధ్యమయ్యే పనేనా చెప్పండి.

అత్తిలి మాట వచ్చింది కనక ఒక పక్కదారి. 'విక్రమార్కుడు'లో రవితేజ పేరు అత్తిలి సత్తిబాబు, పక్కన బ్రహ్మానందం పేరు దువ్వ అబ్బులు. అత్తిలి కాలేజీలో పాఠాలు చెప్పిన మాస్టారు పాతికేళ్ళకి ఆ చుట్టుపక్కల ఊళ్ళ పేర్లే తగిలించుకున్న దొంగల జంటలో ఒకడయ్యాడు. ఎవరు ఎందుకు పెట్టారో గానీ మా పశ్చిమ గోదావరి స్నేహితులకి ఇది ఇప్పటికీ ముచ్చటే.

చెంపదెబ్బల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే విమర్శ అంతా అక్కడే ఉంటుంది. ఆయన తిన్నన్ని దెబ్బలు తెలుగు తెరమీద ఇంకొకరు తిని ఉండరు. చాలా సినిమాల్లో అవి రాతలోని బద్ధకం, ఒప్పుకుంటాను. సీను ఎలా ముగించాలో తోచకపోతే ఎవరో ఒకరు వచ్చి బ్రహ్మానందాన్ని కొడతారు. కానీ నటుడిగా దెబ్బని ఆయన వాడుకునే తీరు చూడండి. చాలాసార్లు దెబ్బ పడ్డాక ఆయన ముందు చూసేది కొట్టినవాణ్ణి కాదు. ఎవరైనా చూశారా అని చుట్టూ చూస్తారు. ఆ చూపులో నొప్పి లేదు, పరువు ఉంది. తర్వాత కాలరు సర్దుకోవడమో, గొంతు సవరించుకోవడమో, ఏమీ జరగనట్టు మాట మళ్ళీ అందుకోవడమో ఉంటుంది. దెబ్బ ఎంత గట్టిదన్న దాంట్లో నవ్వు లేదు. దెబ్బకి ముందు ఆ మనిషి ఎంత ఎత్తున నిలబడ్డాడు, తర్వాత ఎంత తొందరగా మళ్ళీ అక్కడికి ఎక్కాలని చూశాడు అన్నదాంట్లో ఉంది. మీ షార్ట్ ఫిల్ముల్లో దెబ్బలు పెట్టి నవ్వు రాలేదంటే, దెబ్బకి ముందు ఎత్తు కట్టలేదన్నమాట.

ఆయన వాడిన హాస్యంలో ఈ రోజు చూస్తే ఇబ్బందిగా అనిపించేవి కూడా తక్కువేం లేవు. ఒంటి రంగు మీద, లావు మీద, ఆడవాళ్ళ మీద, ఆడంగి నడక మీద వేసిన జోకులు ఆ కాలం సినిమాల నిండా ఉన్నాయి, ఆయన నోట్లోంచీ వచ్చాయి. అభిమానం కొద్దీ వాటిని వెనకేసుకు రావాల్సిన పనిలేదు. నేర్చుకునేవాళ్ళు పద్ధతి తీసుకుని సరుకు వదిలేయొచ్చు.

కెరీర్ విషయానికొస్తే, అందరికీ తెలిసిన మలుపు 1987లో వచ్చిన 'అహ నా పెళ్ళంట'. రామానాయుడు గారి నిర్మాణం, జంధ్యాల దర్శకత్వం. పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు, ఆయన దగ్గర పనివాడు అరగుండుగా బ్రహ్మానందం. అప్పటికే జంధ్యాల సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు జంటని 'నాలుగు స్తంభాలాట'తో జనంలోకి పంపి ఉన్నారు. మాటలతో నవ్వించడం, తిట్టునైనా ఛందస్సులా నడిపించడం ఆయన బడి పద్ధతి. ఆ బడికి తెలుగు మాస్టారొకడు నటుడిగా దొరకడం రెండు పక్షాలకీ కలిసొచ్చింది. అరగుండు పాత్రలో మీరు గమనించాల్సింది ఒకటే. యజమాని ఎదురుగా ఒక మొహం, యజమాని తల తిప్పగానే ఇంకో మొహం. రెండింటికీ మధ్య అతుకు కనిపించదు. ఆ తర్వాత ఆయన జీవితమంతా చేసిన పనికి విత్తనం అక్కడ పడింది. అణిగిమణిగి ఉన్న మనిషి లోపల పెద్ద రాజు ఉంటాడు.

ఎదురుగా కోట ఉండడం గురించి కూడా చెప్పుకోవాలి. కోట గారు నవ్వించడానికి ప్రయత్నించరు. లక్ష్మీపతికి తన పిసినారితనం పరమ సహజం. గోడలాంటి నటుడు ఎదురుగా ఉంటేనే బంతి తిరిగొస్తుంది. 1992లో జంధ్యాలే బ్రహ్మానందాన్ని ప్రధాన పాత్రలో పెట్టి 'బాబాయ్ హోటల్' తీశారు, అందులోనూ కోట ఉన్నారు. కానీ హీరోగా ఆ దారి సాగలేదు. నాకనిపించే కారణం ఒకటుంది. హీరో అంటే రెండున్నర గంటలు జనం అతని పక్షాన ఉండాలి. ఈయన హాస్యం పుట్టేదేమో ఎదుటివాడి ధైర్యానికీ తన బడాయికీ మధ్య. తానే మధ్యలో నిలబడితే ఆ ఎదుటివాడు కరువవుతాడు.

1993లో రామ్‌గోపాల్ వర్మ నిర్మాణంలో శివనాగేశ్వరరావు తీసిన 'మనీ' ఆయన్ని జంధ్యాల బడి బయట నిలబెట్టింది. ఆ సినిమాలో మాటల ఛందస్సు లేదు, హైదరాబాద్ గల్లీ ఉంది. ఖాన్ దాదా వేషానికి నంది అవార్డు వచ్చింది. ఆ తర్వాత 1994లో 'యమలీల'లో కైకాల సత్యనారాయణ యముడు, ఈయన చిత్రగుప్తుడు. యముడి గంభీరానికి పక్కన చిత్రగుప్తుడి కంగారు. 1997లో 'అనగనగా ఒక రోజు'లో మైకేల్ జాక్సన్ అనే చిల్లర దొంగ. ఇవి చూసుకుంటే ఒకే మనిషి పౌరాణిక వేషం, గల్లీ వేషం ఎలా మార్చి మార్చి మోశాడో తెలుస్తుంది. ఆ పదేళ్ళలో ఏడాదికి లెక్కలేనన్ని సినిమాలు చేశారు. జీవించి ఉన్న నటుల్లో అత్యధిక చిత్రాల్లో నటించినవాడిగా గిన్నిస్ పుస్తకంలో పేరెక్కింది, 2009లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు హాస్యనటుల్లో రేలంగి గారికి 1970లో, అల్లు వారికి 1990లో ఆ గౌరవం దక్కింది. సంఖ్యలు పక్కన పెడితే, అన్ని సినిమాలు చేసిన మనిషికి అన్నీ మంచి వేషాలు దొరకవు. ఆయన చేసినవాటిలో సగం మీరు చూడనవసరం లేదు.

ఇప్పుడు రెండో ప్రశ్న, తగ్గిపోవడం గురించి. దీనికి ముందు పెరగడం ఎలా జరిగిందో చూడాలి. తొంభైల్లో కామెడీ అంటే ట్రాక్. హీరో కథ ఒక పక్క, కామెడీ ట్రాక్ ఇంకో పక్క నడుస్తుండేది. తీసేసినా కథకి నష్టం ఉండదు. దర్శకుడు శ్రీను వైట్ల ఈ గోడ పగలగొట్టాడు. 2004లో 'వెంకీ' రైలు ఎపిసోడ్‌తోనే వీళ్ళిద్దరి పొత్తు రుచి జనానికి తెలిసింది. 2007లో 'ఢీ' వచ్చేసరికి, కోన వెంకట్, గోపీమోహన్ రాతతో ఒక అచ్చు తయారైంది. హీరో విలన్ ఇంట్లోకి ఏదో ఒక వంకతో చేరతాడు. ఆ ఇంట్లో ఒక తెలివైన మూర్ఖుడు ఉంటాడు. హీరో వాణ్ణి అడ్డం పెట్టుకుని ఇల్లంతా తిప్పుతాడు. ఆ మూర్ఖుడే బ్రహ్మానందం. 'ఢీ'లో చారికి ఒక పక్క శ్రీహరి భయం, ఇంకో పక్క హీరో మంచు విష్ణు పెట్టే బాధ. మధ్యలో నలిగిపోయే ఆ మొహం చూడ్డానికే జనం రెండోసారి వెళ్ళారు. 2008లో 'రెడీ'లో మెక్‌డొవెల్ మూర్తి, 2011లో 'దూకుడు'లో రియాలిటీ షోలో ఉన్నానని నమ్మి సొంత ఇంట్లోనే బకరా అయ్యే పద్మశ్రీ, 2013లో 'బాద్‌షా'లో కలలో కల అని నమ్మే పద్మనాభసింహ.

ఈ అచ్చులో గొప్పతనం ఏమిటంటే, కథ రెండో సగం మొత్తం ఆయన భుజం మీద నిలబడింది. హాస్యనటుడు కథకి ఇరుసు అయ్యాడు. 'దూకుడు' చూసినవాళ్ళకి తెలుసు, ఇంటర్వెల్ తర్వాత హాలు ఎవరి కోసం ఎదురుచూసేదో. లోపం కూడా అక్కడే ఉంది. బకరా అవ్వడం ఒక్కసారి కొత్త, రెండోసారి సరదా, ఐదోసారికి జనం హీరో కంటే ముందే ప్లాను చెప్పేస్తారు. ఇంకా ముఖ్యం, మొదట్లో ఆ మూర్ఖుడికి ఒక ఉద్యోగం, ఒక ఆశ, ఒక భయం ఉండేవి. చారికి ఉన్నాయి, మూర్తికి ఉన్నాయి. పోనుపోనూ ఇవి రాయడం మానేసి, బ్రహ్మానందం వస్తే చాలు నవ్వుతారులే అని పేరు ఒకటి పెట్టి వదిలేశారు. 2014లో 'రేసుగుర్రం'లో కిల్ బిల్ పాండే సూపర్ హిట్టు. అదే ఏడాది 'ఆగడు'లో ఢిల్లీ సూరి మాత్రం నిలబడలేదు. నటుడు అతనే, ఏడాది అదే. తేడా రాతలో ఉంది.

దీనికి తోడు చుట్టూ కొన్ని మారాయి. 2013లో ఈటీవీలో 'జబర్దస్త్' మొదలై, ఇంట్లో కూర్చునే స్కిట్లు చూసే అలవాటు అయింది. టికెట్టు కొని చూసే హాస్యానికి విలువ పెరగాల్సిన చోట తగ్గింది. రవితేజ, అల్లు అర్జున్, ఎన్టీఆర్ లాంటి హీరోలు కామెడీ తామే చేయడం ఎప్పుడో మొదలెట్టారు. 2016లో 'పెళ్ళిచూపులు' వచ్చాక హీరో పక్కన స్నేహితుడు మామూలు మనిషిలా, మన ఊరి యాసలో మాట్లాడితే చాలు, పొట్ట చెక్కలవుతుందని తెలిసింది. ప్రియదర్శి ఆ సినిమాలో ఏమీ చేస్తున్నట్టే ఉండడు. ఆ తరం రాసేవాళ్ళకి బడాయి మూర్ఖుడి అవసరం పడలేదు.

ఎవరూ చెప్పని కారణం ఇంకొకటి ఉంది. ఎదుటి గోడలు కూలిపోయాయి. 'ఢీ'లో ఎదురుగా నిలబడ్డ శ్రీహరి 2013 అక్టోబరులో పోయారు. తోటి హాస్యనటులు ఏవీఎస్ నవంబరులో, ధర్మవరపు సుబ్రహ్మణ్యం డిసెంబరులో, అదే ఏడాది. ఎం.ఎస్.నారాయణ 2015 జనవరిలో. ఒక్కడే నవ్వించినట్టు మనకి గుర్తుంటుంది గానీ ఆ పదేళ్ళ తెలుగు హాస్యం ఒక గుంపు ఆడిన ఆట. ధర్మవరపు ఉదాసీనంగా వేసే మాట, ఎం.ఎస్. తాగుబోతు నిదానం, ఏవీఎస్ నత్తి లాంటివి పక్కనుంటేనే ఈయన కంగారు అంతగా తేలింది. రెండేళ్ళు కూడా నిండకుండా గుంపు సగం ఖాళీ అయింది. తర్వాత ఆయనకి కూడా 2019లో గుండె ఆపరేషన్ జరిగి సినిమాలు మరీ తగ్గించారు. ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని పెన్సిల్‌తో దేవుళ్ళ బొమ్మలు వేసేవారని మీరూ చూసే ఉంటారు. ఆ గీతలు చూస్తే చెయ్యి ఎంత ఓపికగలదో తెలుస్తుంది. వడ్రంగి కొడుకు కదా.

తగ్గారు గానీ పోలేదు. 2021లో 'జాతిరత్నాలు'లో జడ్జిగా కొద్దిసేపే ఉంటారు. ఆ సినిమా హాస్యమంతా కొత్త కుర్రాళ్ళది, వేగం వేరు, యాస వేరు. ఈయన తన పాత వేగాన్ని అందులోకి బలవంతంగా తేలేదు. కుర్చీలో కూర్చుని ఆ ముగ్గురి మాటలు వింటారు. ఎక్కువగా వినడమే. నవ్వు అక్కడే ఉంది. మొదట్లో చెప్పానే, ఆగడమూ వినడమూ, ఆ రెండే మిగిలి ఉన్నా సీను నిలబడుతుందనడానికి అదే సాక్ష్యం.

2023లో కృష్ణవంశీ 'రంగమార్తాండ' వచ్చింది. మరాఠీ 'నటసామ్రాట్'కి రీమేక్. ప్రకాష్‌రాజ్ రంగస్థల నటుడు, ఈయన అతని స్నేహితుడు చక్రపాణి. ఆస్పత్రి మంచం మీద సన్నివేశం చూసి చాలామంది బ్రహ్మానందం ఏడిపించగలడా అని ఆశ్చర్యపోయారు. నాకు ఆ ఆశ్చర్యమే వింతగా అనిపించింది. ఆయన అక్కడ కొత్తగా చేసింది ఏమీ లేదు. కళ్ళు ముందు ఆగడం, పెదాల మీద నవ్వు ఇంకా మిగిలి ఉండడం, పరువు పోకుండా మాట అందుకోబోవడం. అరగుండు దగ్గర్నుంచీ చేస్తున్నదే. పక్కన చెంపదెబ్బ బదులు చావు ఉంది, అంతే తేడా. ముప్పై ఐదేళ్ళు మనం నవ్విన పద్ధతితోనే ఈసారి ఏడిపించాడు.

మూడో ప్రశ్నకి జవాబు పైన అక్కడక్కడా చెప్పేశాను గానీ పనికొచ్చేలా చెబుతాను. ఆయన్ని అనుకరించకండి. ఆ పని మిమిక్రీ వాళ్ళు మీకంటే బాగా చేస్తారు. సీను పేపరు చేతికి రాగానే నా పాత్ర దేని గురించి గర్వపడుతోంది అని రాసుకోండి. జోకు ఎక్కడుందో తర్వాత వెతుక్కోవచ్చు. గర్వం దొరికితే అది ఎక్కడ పగులుతుందో తనంతట తనే కనిపిస్తుంది. రిహార్సల్లో ఎదుటివాడు డైలాగ్ మార్చి చెప్పమనండి, మీకు ముందు చెప్పకుండా. వింటున్నారో లేదో అప్పుడు బయటపడుతుంది. మీ రియాక్షన్ షాటు ఎడిటింగులో ఎక్కడ కత్తిరించాలో కూడా ఆలోచించండి. కొత్తవాళ్ళు మొహం మారిన చోట మొదలుపెట్టి చూపిస్తారు, దానికి ఒక్క సెకను ముందునుంచి పెట్టండి. తేడా మీకే తెలుస్తుంది. తెలుగు బాగా చదవండి, పైకి చదవండి. పద్యమైనా సరే, పేపర్లో సంపాదకీయమైనా సరే, చివరి మాట మింగకుండా.

చూసే వరస నన్నడిగితే ఇదీ. ముందు 'అహ నా పెళ్ళంట'. తర్వాత 'మనీ'. ఆ తర్వాత 'ఢీ', దాని వెంటనే 'దూకుడు', ఒకే అచ్చు రెండు రకాలుగా ఎలా పనిచేసిందో తెలియడానికి. 'అదుర్స్' ఒకసారి చూసి, ఒకసారి వినండి. 'ఆగడు' కూడా చూడండి, రాత లేకపోతే నటుడు ఎంత కష్టపడినా ఏమవుతుందో తెలుస్తుంది. 'రంగమార్తాండ' మాత్రం అన్నిటికంటే చివర. ముందే చూస్తే మిగతావాటిలో టెక్నిక్ వెతకబుద్ధి కాదు. మీరు చేసిన సీను ఏదైనా ఉంటే ఇక్కడ పెట్టండి, రియాక్షన్ దగ్గర ఎక్కడ తొందరపడ్డారో చూసి చెబుతాను.